కుడి కాలు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ కుడి కాలు గారి సముఖానికి,

అనంతపురం నుంచి తమ పైభాగం రాసుకుంటున్న మనవి. తమరు క్షేమమని తెలుసు. నిన్న సాయంత్రం మిద్దె మీద తమరు చేసిన పనికి నా పరువే క్షేమంగా లేదు.

గిటార్ తమ్ముడు పాపం మంచివాడు. పన్నెండు బార్ల బ్లూస్ (అమెరికా నల్లవారి పాట పద్ధతి; బార్ అంటే నాలుగు దెబ్బల ముక్క, పన్నెండు ముక్కలు ఒక చుట్టు), నింపాదిగా పోదాం అన్నా అన్నాడు. నేను మౌత్ ఆర్గాన్ ఊదుతుంటే నేల మీద తాళం కొట్టే తమరిని నమ్ముకుని సరేనన్నాను. రెండో చుట్టు పూర్తి కాకముందే గిటార్ ఒళ్లో పడుకోబెట్టి, "అన్నా, నేనింకా తాడిపత్రి దాటలేదు, నువ్వు గుంతకల్లులో దిగేసినావు" అన్నాడు. మెట్ల మీద కూర్చున్న పిల్లలు నవ్వారు. నేను మౌత్ ఆర్గాన్ దించేశాను. తమరు మాత్రం ఇంకా టకటకా కొడుతూనే ఉన్నారు.

తమకు అప్పగించిన పని ఎంతని? బార్‌కు నాలుగు దెబ్బలు, చుట్టుకు 48. అంతే. షఫుల్, అంటే బ్లూస్‌లో ఉండే ఆ కుంటు నడక ఊపు, దాని బరువు కూడా తమ మీద పెట్టలేదు. అది నోరు చూసుకుంటుంది. తకిట తకిట అనుకుంటూ మధ్యలో 'కి'ని మింగేస్తే ఆ ఊపు దానంతటదే వస్తుంది. తమరు 'త' దగ్గర నేలకు తగిలితే చాలు. అదీ చేతకాలేదు.

అసలు బాధ ఐదో బార్. కారణం నాకు తెలియక కాదు. సి శ్రుతి మౌత్ ఆర్గాన్ మీద జి శ్రుతిలో బ్లూస్ వాయిస్తాం కదా, జి కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, మొత్తం పీల్చే వైపు ఉంటుంది. మొదటి నాలుగు బార్లూ ఆ కార్డే, కాబట్టి పీల్చడం, పీల్చడం, మళ్లీ పీల్చడం. ఐదో బార్‌లో సి కార్డు వస్తుంది. అది ఊదే వైపు. లోపల ఇరుక్కున్న గాలికి అదే మొదటి తలుపు. ఊపిరితిత్తులు అటు పరిగెత్తాయంటే అర్థం ఉంది. రెండు పీల్పుల మధ్య సందు చూసుకుని ముక్కు గుండా కొంచెం వదిలేస్తే ఆ తొందర తగ్గుతుంది, ముక్కు ఆ పని చేయలేదు, దాని సంగతి వేరే ఉత్తరంలో చూస్తాను. కానీ తమరికేం తొందర? తమరు ఊపిరి పీల్చరు కదా!

నోరు పరిగెత్తితే ఆపడానికే కదా నిన్ను పెట్టుకుంది. నువ్వేం చేస్తున్నావు? నోరు ఎంత వేగం పోతే అంత వేగం కొట్టి, చూశారా, ఇద్దరం కలిసే ఉన్నాం అంటున్నావు. కాపలావాడు దొంగతో కలిసి గోడ దూకితే ఎవరికి చెప్పుకోవాలి? క్లాక్ టవర్ ఉన్న ఊళ్లో పుట్టి కూడా కాలమంటే భయం లేదు. ఏమప్పా, ఎవరు తరుముతున్నారు నిన్ను?

రైలు కూడా వేగం అందుకుంటుంది కదా అంటావేమో. అమెరికా మౌత్ ఆర్గాన్ వాద్యకారుడు డీఫోర్డ్ బెయిలీ 1927లోనే మౌత్ ఆర్గాన్ మీద రైలు నడిపించి రికార్డు చేశాడు. ఆ రైలు వేగం పెరిగితే ఆయన పెంచితే పెరిగింది. నీ రైలుకు డ్రైవరే లేడు.

టిక్కు టిక్కుమని తాళం లెక్కపెట్టే యంత్రం మెట్రోనోమ్ పేరెత్తకు. మేల్జెల్ 1815లో పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి అది ఎవరినీ లెక్కచేయలేదు. 60 మీద పెడితే నిమిషానికి 60 దెబ్బలే. అది మోగినంతసేపు నువ్వు బుద్ధిమంతుడివి. రెండు బార్లు దాని శబ్దం తగ్గించి మళ్లీ పెంచితే అది ఎక్కడో వెనక, నువ్వు ఎక్కడో ముందు.

పోనీ నీకు లయ రాదా అంటే, వచ్చు! అదే నా కడుపుమంట. జాతరలో ఉరుము వాద్యాలు మోగితే ఎవరూ అడక్కుండానే కదులుతావు, దుమ్ములో చెప్పు కూరుకుపోయినా ఒక్క దెబ్బ తప్పవు. నిన్ను చూసి నాకే ముచ్చటేస్తుంది. ఎందుకంటే అక్కడ వింటావు. మిద్దె మీద గిటార్ మూరెడు దూరంలో మోగుతున్నా వినవు, నా మౌత్ ఆర్గాన్ ఒక్కటే వింటావు. బండి మీద బ్రేక్ తొక్కే కాలువి, ఆగడం నీకు నేను నేర్పాలా?

వచ్చే ఆదివారం తమ్ముడు మళ్లీ వస్తానన్నాడు. నాలుగో బార్ చివరి దెబ్బ పూర్తిగా పడనివ్వు. ఆ తర్వాతే ఐదోది. కాదంటే ఛార్జ్ ఎడమ కాలికి ఇచ్చేస్తాను. అది కనీసం క్లచ్ పట్టేదాకా ఆగి గేరు మారుస్తుంది.

ఇట్లు,
ఊపిరి ఇంకా బిగబట్టుకునే ఉన్న
నీ పైవాడు