కోర్ తీయాల్నా, లాగ్ చాలా?

(హన్మకొండ, ఇంటి ముందటి అరుగు. మామ సింగరేణిల కోర్ బాక్సులు చూసి చూసి రిటైరైండు, అల్లుడు సముద్రం గ్యాస్ బావుల లాగ్ డేటా చూస్తడు. కోర్ అంటే బావిల నుంచి నిలువుగ పైకి తీసే రాయి కడ్డీ, లాగ్ అంటే బావిల పరికరం దించి లోతు లోతుకు తీసే కొలత.)

అల్లుడు: మామా, బొగ్గుకైతే నాలుగొందల మీటర్లు తోడితే సరిపాయె, సముద్రంల నీళ్లే వెయ్యి మీటర్లు, దాని కింద ఇంకెంతో పోవాలె, రిగ్ కిరాయి చూస్తే గుండె దడ, గంత చేసి పైకి తెచ్చేది నాలుగంగుళాల లావు రాయి!

మామ: అన్నం ఉడికిందా లేదా అంటే ఒక్క మెతుకు పట్టి చూస్తం కదరా.

అల్లుడు: కుండల అంతా ఒక్కటే బియ్యం మామా. అక్కడ ఓ కాడ కాలువ నిండ ఇసుక, అర కిలోమీటర్ పక్కకు పోతే ఉత్త బురద.

మామ: అది ఒప్పుకుంట, వెడల్పు చెప్పేది భూమిలకు తరంగాలు పంపి ప్రతిధ్వని వినే సైస్మిక్ సర్వేనే, కోర్ కాదు. మరి పొరల సంగతి? రాయిల నుంచి వచ్చే గామా కిరణాలు కొలిచి ఇసుకనా బురదనా చెప్పే గామా లాగ్ ఒక అడుగు, అడుగున్నర మందం కలిపి సగటు చూపిస్తది. రెండు సెంటీమీటర్ల ఇసుక, రెండు సెంటీమీటర్ల బురద, మళ్ల ఇసుక, ఇట్ల వంద పొరలుంటే లాగ్‌ల అంతా మురికి షేల్ (బురద గట్టిపడ్డ రాయి) లెక్కనే ఆనుతది, అదే కోర్‌ను నిలువుగ కోసి తడి బట్టతోని తుడువు, ఒక్కొక్క గీత కండ్ల ముందర లేస్తది. ఆ ఇసుక గీతలల్ల గ్యాస్ అడ్డం పారుతది గని పైకి ఎక్కదు, బురద ఆపుతది. బావి ఎట్ల ఇస్తదో తేలేది గక్కడ్నే.

అల్లుడు: బావి గోడను బొమ్మ తీసినట్టు చూపించే ఇమేజ్ లాగ్‌ల గా సన్న పొరలు గుడ ఆనుతయి. ఇంకోటి, కృష్ణా గోదావరి తీరం ముందటి సముద్రంల ఇసుక గట్టిపడని ఇసుక, పైకొచ్చేసరికి గ్యాస్ ఉబ్బి గింజలు కదులుతయి, ల్యాబుల వచ్చే పెర్మియబిలిటీ, అంటే రాయిల నుంచి గ్యాస్ ఎంత సులువుగ పారుతదన్న కొలత, అసలుది ఎట్లయితది?

మామ: అందుకే డ్రై ఐస్ పెట్టి గడ్డకట్టిస్తరు. ఇమేజ్ లాగ్ గీత చూపిస్తది, గింజ చేతికిస్తదా? మన కాళేశ్వరం ముందర పారే గోదారే కొంగుల గట్టుకపోయినట్టు ఆ ఇసుకను సముద్రం దాక మోస్తది, సముద్రం అడుగున వాలు అంచు మీద పేరుకున్నది నీళ్లతోని కలిసి ఒక్కసారి కిందికి జారితే దాన్నే టర్బిడిటీ ప్రవాహం అంటరు. గ్లాసుల ఇసుక, బురద కలిపి తిప్పి పెట్టు, దొడ్డు గింజ అడుగుకు, సన్నది పైకి, అదే వరుసను భూగర్భ శాస్త్రవేత్త బౌమా 1962ల రాసిండు. గదే బురద ముద్దతోని గుంపుగ జారితే వరుస ఉండది, ఇసుక నడుమ బురద పెళ్లలు ఇరుక్కొని ఉంటయి. లాగ్ మీద రెండూ ఒక్క తీరే ఆనొచ్చు, పొర ఎంత దూరం పోతదన్న అంచనా మాత్రం మారిపోతది.

అల్లుడు: ఆ కృష్ణా గోదావరి సముద్రంల డీ6 గ్యాస్ బ్లాకుల 2010ల రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటిన గ్యాస్ నాలుగేండ్లు తిరగకముందే నాలుగో వంతుకు పడ్డది. కోర్ ఉంటే ఆగేదా?

మామ: ఆగేదని నేనన్ననా? దాని కారణం మీద ఇప్పటికీ పంచాదే. పొరలు ఒకదానికొకటి కలిసి ఉన్నయా లేవా అన్న అనుమానమైతే ముందుగాల్నే పట్టుకోవాలె.

అల్లుడు: సరే, అన్ని బావులల్ల తీయలేం. ఎక్కడ తీయాల్నో చెప్పు.

మామ: మొదటి రెండు మూడు బావులల్ల, ఇసుక నడుమ ఒక్క కాడ కాదు, పైన షేల్ కాడ మొదలువెట్టి కింద బురద తగిలేదాక. ఆ కింది అంచు ఊడకుండ పైకి రావాలె, ఇసుక ఎట్ల వచ్చి పడ్డదన్న మొదటి జాడ గక్కడ్నే ఉంటది.