భోజనాల బల్ల ఎదురుగా గోయా

(తమ్ముడు కొత్తింట్లో భోజనాల బల్లకు ఎదురుగా స్పానిష్ చిత్రకారుడు గోయా ఎచింగ్ (రాగిరేకు మీద గీసి అచ్చేసే బొమ్మ) ప్రింటు ఒకటి తగిలించాడు. స్పెయిన్‌లో 1778-80 ప్రాంతంలో వేసింది. గరోటే, అంటే గుంజకు కూర్చోబెట్టి మెడకు పట్టీ బిగించి చంపే శిక్షలో చనిపోయిన మనిషి: మెడకు పట్టీ, వెనక గుంజ, కట్టేసిన చేతుల్లో శిలువ, పక్కన పొడుగాటి కొవ్వొత్తి. పండక్కొచ్చిన అక్క కంట పడింది.)

అక్క: అన్నం తినేచోట శవం ఏంట్రా? తీసెయ్.

తమ్ముడు: ఒక్క ముక్కలో శవం అనేశావు. దగ్గరికెళ్ళి కాళ్ళు చూడక్కా.

అక్క: చూశాలే. వేళ్ళు ఎలా బిగుసుకుపోయాయో చూశాకే ముద్ద దిగట్లేదు. నా గొడవ వేరు. పట్టీ బిగించినవాడేడీ? శిక్ష వేసినవాడేడీ? వీడు చేసిన నేరమేంటి? చచ్చినవాడొక్కడే లోకువయ్యాడు ఆ గోయా మహానుభావుడికి.

తమ్ముడు: తలారిని వేస్తే మన కోపమంతా వాడి మీదికే పోతుంది. వాడు లేడు కాబట్టి ఆ శిలువ, ఆ కొవ్వొత్తి కనిపిస్తున్నాయి. చేతిలో దేవుణ్ణి పెట్టి, దీపం వెలిగించి మరీ చంపారు.

అక్క: అది నీ వ్యాఖ్యానం. 1778లోనే కదా పాతతరం చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన రాజుల బొమ్మలు చూసి ఎచింగులు చేశాడు? రాగిరేకుకు మైనం పూత, సూదితో గీత, ఆసిడ్‌లో ముంచడం... అప్పుడప్పుడే పని పట్టుబడుతోంది. చెయ్యి తిరగడానికి ఓ శవం దొరికింది, అంతే.

తమ్ముడు: చెయ్యి తిరగడానికి రాజుల గుర్రాలు చాలవా? పైగా ఈ బొమ్మ ఆయన్ని వదల్లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత 'యుద్ధ బీభత్సాలు' అని ఆయన చేసిన ఎచింగుల వరసలో 34వ బొమ్మ చూడు. మళ్ళీ అదే గుంజ, చేతిలో అదే శిలువ.

అక్క: దొరికావు! దానికి 'ఒక కత్తి కోసం' అని పేరు పెట్టాడు. వెనక జనాన్నీ వేశాడు. మొదటిదాంట్లో ఏం తక్కువైందో ఆయనకే తెలిసిందన్నమాట.

తమ్ముడు: ...సరే, ఒప్పుకుంటా. కానీ కారణం తెలిస్తే మనం తీర్పులు మొదలెడతాం. కత్తి పెట్టుకోవడం తప్పే కదా అంటాం. 35వ బొమ్మలో అలా గరోటేతో చచ్చినవాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు. దాని పేరు 'ఎందుకో తెలియదు'. స్పెయిన్‌లో 1974లో కూడా ఇద్దర్ని ఇలాగే చంపారక్కా.

అక్క: అంటే దాదాపు రెండొందల ఏళ్ళు ఈ బొమ్మ ఉండి కూడా ఆగలేదు.

తమ్ముడు: (పప్పుగిన్నె జరుపుతూ) తీసెయ్యమంటావా?

అక్క: వద్దులే. నా కుర్చీ అటు తిప్పు.