రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం గారికి

అయ్యా,

రాష్ట్రంలో తలసరి ఆదాయం లెక్క బయటికొచ్చినప్పుడల్లా మొదటి కుర్చీ మీదే. సంతోషం. గచ్చిబౌలి మీది, కోకాపేట మీది. మాడ్గుల, తలకొండపల్లి కూడా మీవేనని అప్పుడప్పుడు గుర్తుచేయాల్సి వస్తోంది. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టినప్పుడు ఆ మండలాలు పాలమూరు నుంచి మీ ఖాతాలో పడ్డాయి. ఆ పూట అక్కడి చేలల్లో అదనంగా ఒక్క బస్తా పండలేదు గానీ, కాగితం మీద రైతులంతా సాఫ్ట్‌వేర్ వాళ్ల పక్కన కూర్చున్నారు.

మీ తయారీ మాకు తెలియనిది కాదు. ఏడాదిలో జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువలోంచి తరుగుదల (యంత్రాలు, కట్టడాల అరుగుదల) తీసేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తారు. పని ఎక్కడ జరిగితే లెక్క అక్కడే. జీతం ఏ ఇంటికి చేరిందో మీకు అనవసరం. గచ్చిబౌలిలో కొలువు చేస్తూ నిజాంపేటలో కాపురముండే మనిషి పని మీ లవంలోకి వస్తుంది, తల మాత్రం మేడ్చల్-మల్కాజిగిరి హారంలోకి పోతుంది. మీ హారమైనా 2011 జనగణన పునాది మీద కట్టిన అంచనాయే. ఆ తర్వాత మణికొండ, పుప్పాలగూడ వైపు వచ్చిపడిన జనంలో ఎంతమందిని అంచనా వదిలేస్తే, మీరు అంత లావెక్కుతారు.

అన్నిటికంటే ముచ్చటైనది మీ అద్దెల లెక్క. సొంతింట్లో ఉండే ముసలమ్మ తనకు తానే అద్దె కట్టుకుంటున్నట్టు ఊహించి, ఆ సొమ్మును కూడా ఉత్పత్తిలో కలుపుతారు. చుట్టుపక్కల అద్దెలు పెరిగితే, గడప దాటకుండానే ఆమె ‘సంపాదన’ పెరుగుతుంది. డాలస్ నుంచి కొడుకు నెలనెలా పంపే డబ్బు, ఆమె నిజంగా తిని బతికేది, మీ దేశీయ ఉత్పత్తిలోకి రాదు. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటినా ఆ భూమి ధర కూడా ఆదాయం కాదు. మధ్యవర్తి కమిషను మాత్రం అవుతుంది. రూలు రూలే కదా!

ఇప్పుడు శివారులో ఒక వీధి అనుకోండి. పది ఇళ్లు, ఇంటికి నెలకు 30 వేల ఆదాయం. సగటు 30 వేలే. అద్దె కట్టలేక రెండు కుటుంబాలు వెళ్లిపోయాయి. పెంకుటిళ్లు పడగొట్టి కట్టిన ఫ్లాట్లలోకి నెలకు 3 లక్షలొచ్చే నాలుగు కుటుంబాలు దిగాయి. మొత్తం 14 లక్షల 40 వేలు, పన్నెండు ఇళ్లు: సగటు లక్షా 20 వేలు. నాలుగింతలు! పాత ఎనిమిది ఇళ్లకూ ఒక్క రూపాయి పెరగలేదు. ఆదాయాలను వరుసలో పెట్టి మధ్యన ఉన్నదాన్ని చూస్తే, మధ్యగతం ఇప్పటికీ 30 వేలే. పెరిగింది ఆదాయం కాదు, మారింది మనుషులు. దాన్ని ‘అభివృద్ధి’ అని ఫ్లెక్సీ కడతారు. వెళ్లిన ఆ రెండు కుటుంబాలు చేరిన చోట ఏ సగటు పడిపోయిందో ఎవరూ ఫ్లెక్సీ కట్టరు.

మీ వెనకాలే పురపాలక బోర్డు వస్తుంది. పంచాయతీ మున్సిపాలిటీ అయితే రేషన్‌కార్డు ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర నుంచి 2 లక్షలకు జరుగుతుంది. గ్రామాలకే పరిమితమైన ఉపాధి హామీ పని మాత్రం పోతుంది. చేతికొచ్చింది 50 వేల వెసులుబాటు, చేజారింది కూలి. అద్దె సంగతి సరేసరి.

జనగణన వాళ్లు మిమ్మల్ని సరిదిద్దుతారని ఆశపడే అమాయకులూ ఉన్నారు. వాళ్లు ఆదాయం అడగరు. సైకిలుందా, స్కూటరుందా, కారుందా అంటారు. అయితే వంటిల్లు వేరైతే కుటుంబం వేరని వాళ్లకు తెలుసు. సెల్లారులో పొయ్యి పెట్టుకున్న వాచ్‌మన్ కుటుంబం పై ఫ్లాట్లతో సమానంగా జనగణన జాబితాలో ఒక వరుస దక్కించుకుంటుంది, ఎన్యూమరేటర్ సెల్లారులోకి దిగితే. నిర్మాణ స్థలాల రేకుల షెడ్లలో ఉండే ఒడిశా, బిహార్ కూలీల దాకా వెళితే ఇంకా మంచిది.

కాబట్టి అయ్యా, ఈసారి ఒంటరిగా రాకండి. మండలాలవారీ మధ్యగతాన్ని వెంటబెట్టుకు రండి. ఈ ఇంట్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, అద్దెకా సొంతమా, ఇంతకు ముందు ఎక్కడ ఉండేవారు అనే గడులు కూడా తెండి. పాతవాళ్ల ఆదాయం వేరుగా, కొత్తవాళ్లది వేరుగా వేసి చూపండి. మొదటి కుర్చీ మీ దగ్గరే ఉంచుకోండి, మాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
లవంలో కనపడక, హారంలోకి ఇంకా చేరని కొందరు