రైతు అంటే ఎవరు?

కోనసీమలో మా పక్క చేను దున్నేది, నారు పోసేది, నీటి వంతు కోసం రాత్రంతా బోదె గట్టున కాపలా కాసేది ఒక కౌలుదారు. ఊరంతా ఆయన్నే రైతు అంటుంది. పీఎం కిసాన్ కింద ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయలు మాత్రం పట్నంలో ఉండే భూయజమాని ఖాతాలో పడతాయి. ఆ పథకం లెక్కలో రైతంటే భూమి పేరున ఉన్నవాడే. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, కౌలుదారుకు 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తామంది. మంచిదే. కానీ దానికి యజమాని సంతకం కావాలి! భూమి ఎక్కడ చేజారుతుందోనన్న భయంతో ఆయన పెట్టడు. కోతకొచ్చిన చేను తుపానుకు నేలకొరిగితే, మొలకెత్తిన కంకులు చేతపట్టుకుని పరిహారం కోసం నిలబడ్డ మనిషిని "నీ పేరు రికార్డులో లేదు" అని పంపేస్తారు. ఎంత అన్యాయం! కౌలు బస్తాలు మాత్రం ఆ కౌలుదారు కొలిచి ఇవ్వాల్సిందే.