‘బీటెక్ తప్పనిసరి’ గారికి

అమలాపురం నుంచి ఓ డిప్లొమా కుర్రాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, తమరు సైబర్ సెక్యూరిటీ ఉద్యోగ ప్రకటనల్లో మొదటి లైన్లోనే కాలు మీద కాలేసుకుని క్షేమంగా కూర్చున్నారని తలుస్తాను.

ఒక చిన్న సందేహం అండి. బీటెక్ కావాలంటారు, పక్కనే ‘ఏ బ్రాంచి అయినా సరే’ అంటారు. మా పెదనాన్నగారబ్బాయి సివిల్ చదివాడు, నాలుగేళ్లూ సిమెంటు లెక్కలు కట్టాడు, వాడు పనికొచ్చాడు. డిప్లొమాలో కంప్యూటర్స్ చేసి, రాత్రిళ్లు నెట్‌వర్క్‌లో వచ్చిపోయే డేటాని విప్పి చూపించే వైర్‌షార్క్ ముందేసుకుని కూర్చునే నేను పనికిరాలేదు. వాడి మీద నాకేం కోపం లేదు. చేరిన వారానికే ఫోన్ చేసి, "ఒరేయ్, పోర్ట్ అంటే కాకినాడ పోర్టు లాంటిది కాదా?" అని అడిగాడు పాపం.

2017 మేలో ఫైళ్లకి తాళమేసి డబ్బులడిగే వానక్రై వైరస్ వచ్చి మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లక్కూడా తాళాలేసినప్పుడు, దాని వ్యాప్తికి అడ్డుకట్ట వేసింది ఇంగ్లండులో యూనివర్సిటీ గడప తొక్కని మార్కస్ హచిన్స్. ఆ వైరస్ ఎవరూ కొనని ఒక వెబ్ అడ్రసు కోసం వెతుక్కుంటోందని గమనించి, పది డాలర్ల చిల్లర పెట్టి ఆ అడ్రసు కొన్నాడు, అది పలికేసరికి వైరస్ ఆగిపోయింది, అంతే. (తర్వాత పాత తప్పులకి కోర్టు మెట్లెక్కాడు, అది వేరే కథ.) మీరుంటే ముందు మార్కుల లిస్టు చూపించమనేవారు.

మా గోదావరి ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకొచ్చి మూడో ప్రమాద హెచ్చరిక పడితే, రాత్రంతా టార్చిలైటుతో గట్టు మీద తిరిగేది ఇరిగేషన్ శాఖలో కింది ఉద్యోగులు, లస్కర్లండి. ఎలుక బొరియలోంచి ఊరే నీళ్లు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా అని వంగి చూస్తారు. బురదగా వస్తే లోపల మట్టి కోసుకుపోతోందన్నమాట, వెంటనే ఇసుక బస్తాలు తెమ్మని కేకేస్తారు. ఇంజినీరుగారు వద్దని నేననను, గట్టు ఎంత ఎత్తు కట్టాలో లెక్క ఆయనదే, మా పనిలోనూ క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చే లెక్కలు) లాంటివాటికి గట్టి చదువే కావాలి. కానీ బొరియ చూసేవాడిని కూడా బీటెక్ అడుగుతారేంటండీ?

మొన్న ఓ కంపెనీ దరఖాస్తు ఫారంలో విద్యార్హత దగ్గర నొక్కితే బీటెక్, ఎంటెక్, ఎంసీఏ, మూడే ఉన్నాయి. ఖాళీగా వదిలేస్తే ఎర్రక్షరాలతో కసురుకుంది. అలవాటు కొద్దీ బ్రౌజర్లో పేజీ వెనకున్న కోడ్ చూపించే ఇన్‌స్పెక్ట్ తెరిస్తే, ఆ కసురుకోవడమంతా నా కంప్యూటర్లోనే జరుగుతోంది. అక్కడ ‘రిక్వయిర్డ్’ (తప్పనిసరి) అన్న మాట చెరిపి సబ్మిట్ నొక్కాను, అవతల కంపెనీ సర్వరు మారు మాట్లాడకుండా తీసేసుకుంది. సెక్యూరిటీ కంపెనీ అండీ అది! స్క్రీన్‌షాట్లు పెట్టి, ఎలా సరిచేసుకోవాలో కూడా రాసి మెయిల్ చేశాను.

మూడో రోజు జవాబొచ్చింది, నా అర్హతలు ఈ ఉద్యోగానికి సరిపోవట. ఇవాళ పొద్దున మళ్లీ ఆ ఫారం తెరిచి చూశాను. బొరియ పూడ్చేశారు.

ఇట్లు,
డిప్లొమా (ఫస్ట్ క్లాసే లెండి)