పండుగపూట పది నిమిషాలు

మొన్నటి పరాభవ ఉగాది వేడుకలో, ఇళ్ళలో పొగను పసిగట్టి మోగే స్మోక్ అలారాలు మార్చుకోవడం గురించి పది నిమిషాలు మాట్లాడతానని నేను మన తెలుగు సంఘం కార్యవర్గాన్ని అడిగాను. మొదట సరేనన్నారు. తీరా రెండు రోజుల ముందు, నేనెంతో గౌరవించే పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, “సంవత్సరాది పూట అగ్గి మాటలెందుకమ్మా, అశుభం కాదూ? ఇంకోసారి చూద్దాంలే” అన్నారు. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. అదే వేదిక మీద పంచాంగ శ్రవణంలో అగ్నిభయం, చోరభయం అన్న మాటలు ఏటా శ్రద్ధగా వింటూనే ఉన్నాం. రాబోయే కీడును ముందే తెలుసుకుని జాగ్రత్తపడాలనే కదా పెద్దలు ఆ ఆచారం పెట్టింది!

ఆస్ట్రేలియాలో మనముంటున్న ఈ క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో సొంత ఇంట్లో ఉంటున్న ప్రతి కుటుంబానికీ 2027 జనవరి 1 గడువు. ఆలోగా ప్రతి పడకగదిలోనూ, పడకగదులను మిగతా ఇంటితో కలిపే నడవాలోనూ, ప్రతి అంతస్తులోనూ ఫోటోఎలక్ట్రిక్ రకం (కాంతితో పొగను పసిగట్టే) అలారాలు ఉండాలి. ఒకటి మోగితే ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి మోగాలి. అమ్మే ఇళ్ళకూ అద్దెకిచ్చే ఇళ్ళకూ ఈ నిబంధన 2022 జనవరి 1 నుంచే ఉంది. ఏజెంటు చెప్పగానే మనం అద్దెకిచ్చిన ఇంటికి అన్ని గదుల్లోనూ పెట్టించి, మన పిల్లలు పడుకునే గదిని మాత్రం ఇంతకాలం అలాగే వదిలేసినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం.

ఈ చట్టం ఊరికే రాలేదు. 2011 ఆగస్టులో ఇక్కడి లోగన్ నగరంలోని స్లాక్స్ క్రీక్‌లో ఒక ఇల్లు రాత్రివేళ తగలబడి 11 మంది చనిపోయారు. పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన బంధువర్గం, పెద్దలూ పిల్లలూ ఒకే కప్పు కింద ఉన్న ఇల్లు. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వచ్చినప్పుడు మన ఇళ్ళూ అలాగే నిండుగా ఉంటాయి.

మా ఇంట్లో జరిగింది చెప్పకుండా ఈ విషయం రాయడం నావల్ల కాదు. నాలుగేళ్ళ కిందట అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఎండుమిర్చి, ఇంగువ వేసి పప్పుకు తిరగమోత పెట్టినప్పుడల్లా వంటింటి పక్క నడవాలో ఉన్న పాత అలారం చెవులు చిల్లులు పడేలా మోగేది. అమ్మ బెదిరిపోయి, గరిటె వదిలేసి పెరటి తలుపు తీయడానికి పరుగెత్తేది. రెండు వారాలు చూసి, మావారు కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ తీసేసి, రబ్బరు బ్యాండ్లూ పాత తాళంచెవులూ ఉండే సొరుగులో పడేశారు. నేనూ వద్దనలేదు.

ఆ ఏడాది కార్తీక పౌర్ణమి సాయంత్రం ఉరుములతో వాన దంచికొట్టింది. తులసికోట దగ్గర వెలిగించాల్సిన 365 వత్తుల కట్టను అమ్మ గోడ అలమరలోని పూజామందిరం ముందు ఇత్తడి పళ్ళెంలో వెలిగించింది. మంట అణిగిందని అందరం పడుకున్నాం. నేతిలో నానిన ఆ కట్ట లోలోపల రాజుకుంటూ, ఏ వేళకో పక్కకు ఒరిగి, పీట మీద పరిచిన నూలు గుడ్డకు అంటుకుంది. తెల్లవారుజామున నాలుగింటికి స్నానానికి లేచిన అమ్మ తలుపు తీసేసరికి నడవా అంతా పొగ. పక్క గదిలో పిల్లలిద్దరూ ఆదమరిచి నిద్రపోతున్నారు. తడి దుప్పటి కప్పితే ఆరిపోయింది గానీ, అలమర లోపలి గోడ మీద పడిన నల్లటి చార రెండుసార్లు రంగు వేసినా ఇంకా కనబడుతూనే ఉంది. నిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపుతుందన్న నమ్మకం నాకు ఆ రోజుతో పోయింది.

అమ్మ భక్తిని నేను తప్పుపట్టను. తిరగమోత మానేయమనీ ఎవరికీ చెప్పను. మా పాత అలారం అయనీకరణ రకానిది. వంట పొగలోని సన్నటి కణాలకే అది గగ్గోలు పెట్టేది. కొత్త ఫోటోఎలక్ట్రిక్ రకం లోపల కాంతి సాయంతో పొగను పసిగడుతుంది కాబట్టి, మా వత్తుల కట్టలా మంట లేకుండా రాజుకునే నిప్పును ముందుగా గుర్తిస్తుంది, పోపుకు అంత తొందరగా మోగదు. పైగా చట్టం వంటింట్లో పెట్టమనడం లేదు. హోమం రోజున అలారానికి షవర్ క్యాప్ తొడిగి, ఆనక తీయడం మరిచిపోయే అలవాటును మాత్రం నేను సమర్థించలేను. ఆ హోమమేదో పెరట్లో చేసుకోవచ్చు.

ఖర్చు మాట నిజమే. నాలుగు పడకగదుల ఇంటికి కనీసం ఐదు అలారాలు కావాలి. ఇప్పటికే కరెంటు తీగలతో కలిపి ఉన్నవాటి స్థానంలో మళ్ళీ అలాంటివే పెట్టాలి కాబట్టి, ఆ పనికి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మిగతా గదుల్లో పదేళ్ళ బ్యాటరీతో వైర్‌లెస్‌గా కలిసేవాటిని మనమే బిగించుకోవచ్చు. ఒక్క పుట్టినరోజు వేడుకకు హాలుకూ అలంకరణకూ పెట్టేదానితో పోల్చి చూడండి.

గడువుకు ముందు మనకు మిగిలింది ఒక్క దీపావళి, ఒక్క కార్తీకం. దీపావళి వేదిక మీద ఆ పది నిమిషాలు ఇవ్వమని కార్యవర్గాన్ని చేతులు జోడించి అడుగుతున్నాను. నిచ్చెన ఎక్కలేని పెద్దల ఇళ్ళకు వెళ్ళి, అలారం వెనక ముద్రించిన తేదీ చూసి, పదేళ్ళు దాటిందో లేదో చెప్పడానికి నలుగురు యువకులు ముందుకు వస్తే, వాళ్ళతో నేనూ వెళతాను. మొదట నాకు ఫోన్ చేసిన పెద్దాయన ఇంటికే వెళ్ళాలని ఉంది. శనివారం రాత్రుళ్ళు ఆయన మనవలు అక్కడే పడుకుంటారు.