పని తగ్గించుకున్నట్టు రుజువు జతచేయవలెను

ఉద్యోగులు తక్కువ పని చేసి ప్రశాంతంగా ఉండాలని, అలా ఉంటే ఎక్కువ పని జరుగుతుందని కనిపెట్టిన పెద్దలకు నల్లగొండ జిల్లా తరఫున ముందుగా నమస్కారం. ఆలోచన గొప్పది. దాన్ని మాకు నేర్పడానికి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రమ్మనడం ఇంకా గొప్పది. మెసేజ్ శనివారం రాత్రి వచ్చింది, కింద ఎర్ర అక్షరాల్లో "గైర్హాజరైన వారిపై చర్య తీసుకోబడును" అని కూడా ఉంది. ప్రశాంతంగా ఉండకపోతే మెమో ఇస్తారన్నమాట.

చందంపేట అవతలి నుంచి తెల్లారకముందే లేచి, బస్సు మారి వచ్చినవాళ్లు కూడా తొమ్మిదికల్లా హాల్లో ఉన్నారు. ముఖ్య అతిథి మాత్రం పదకొండున్నరకు వచ్చారు. ఆయన మాకంటే ముందే ఈ ట్రైనింగ్ తీసుకున్నట్టున్నారు. వేదిక వెనక ఫ్లెక్సీ మీద "తక్కువ చేద్దాం, ఎక్కువ సాధిద్దాం" అని రాసి, చుట్టూ పదిమంది పెద్దసార్ల ఫొటోలు వేశారు. ఒక్క నినాదానికి అంతమంది ఫొటోలు ఎందుకో నాకు తెలియదు కానీ, తక్కువ చేయడం అక్కడి నుంచే మొదలుపెడితే ఫ్లెక్సీ ఖర్చన్నా మిగిలేది.

ట్రైనర్ హైదరాబాద్ నుంచి వచ్చారు. మంచి మనిషే, గొంతు మెత్తగా ఉంది. చేతిలో స్లైడ్లు మార్చే బటన్. అందరికీ తెల్ల కాగితాలు పంచి, "మీరు చేసే పనులన్నీ రాయండి" అన్నారు. పంచాయతీ కార్యదర్శులు రాయడం మొదలుపెట్టారు. మోరీలు, చెత్త, నర్సరీ మొక్కలకు నీళ్లు, ఇంటి పన్ను, వీధి దీపాలు, జనన మరణాల సర్టిఫికెట్లు, ట్రాక్టర్ డీజిల్ లెక్క, సర్వేలు, ఆ సర్వేల మీద సర్వేలు, ఏ రోజుకా రోజు కొత్తగా వచ్చే యాప్‌లు. ఇంకో కాగితం ఉందా సార్ అని వెనక నుంచి ఎవరో అడిగారు. ట్రైనర్ గారు నవ్వి, "ఇప్పుడు అందులో సగం కొట్టేయండి" అన్నారు.

ఎవరి పెన్నూ కదల్లేదు.

"ఏది కొట్టేయాలె సార్?" అని ఒకమ్మాయి అడిగింది.

"మీకు ముఖ్యం కానిది కొట్టేయండమ్మా."

"అన్నీ అర్జెంటని పైనుంచే పంపిండ్రు కద సార్."

అప్పుడాయన నాలుగు గళ్ల బొమ్మ వేశారు. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు మీద చలామణీ అయ్యే గళ్లు అవి. ముఖ్యమూ అర్జెంటూ అయినవి ఒక గడిలో, ముఖ్యమే కానీ అర్జెంటు కానివి ఇంకో గడిలో, అర్జెంటే కానీ ముఖ్యం కానివి మూడో గడిలో, రెండూ కానివి నాలుగో గడిలో రాయాలి. మావాళ్లు పనులన్నీ మొదటి గడిలోనే కుక్కి, చోటు చాలక కాగితం వెనక్కి తిప్పారు. నాలుగో గడిలో ఒకాయన భోజనం టోకెన్ నంబరు రాసుకున్నాడు. మూడో గడిలోవి మాత్రం "కింది వాళ్లకు అప్పగించాలి" అని సూత్రం. సరే, పెద్దసారు చిన్నసారుకు, చిన్నసారు కార్యదర్శికి అప్పగిస్తారు, కార్యదర్శి ఊళ్లో చెత్త ఎత్తడం నుంచి ట్రాక్టర్ దాకా అన్నీ చూసే మల్టీపర్పస్ వర్కర్‌కు అప్పగిస్తాడు. హాల్లో చివరి వరుసలో కూర్చున్న ఆ వర్కర్‌ను "మరి మీరు ఎవరికి అప్పగిస్తారు?" అని ట్రైనర్ గారు ఎంతో ఆప్యాయంగా అడిగితే ఆయన లేచి, "నా కింద ట్రాక్టరొక్కటే ఉన్నది సార్" అన్నాడు. అందరం నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావట్లేదు.

తర్వాత శ్వాస. కళ్లు మూసుకుని, ఫోన్లు సైలెంట్‌లో పెట్టి, గాలి లోపలికి, బయటికి. రెండు నిమిషాలు కాలేదు, ఫోన్లన్నీ ఒక్కసారిగా బల్లల మీద వణికాయి. గ్రూపులో మెసేజ్: శ్వాస తీసుకుంటున్న ఫొటో వెంటనే పంపాలి, ఫొటో మీద లొకేషన్, టైము కనపడాలి. కళ్లు మూసుకున్నవాళ్లు ఒక కన్ను తెరిచి ఫొటో తీశారు. పంపితే వాపసు వచ్చింది, ఫొటోలో కొందరు కళ్లు తెరిచి ఉన్నారని. కళ్లు తెరిచింది ఫొటో తీయడానికేనని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి మళ్లీ మూసుకున్నాం. ఈసారి బ్యానర్ రాలేదట. బ్యానర్ కిందికి జరిగి మళ్లీ మూసుకున్నాం. ఇంతలో మధ్యాహ్నం హాజరు టైమైంది, ముఖం చూపించే హాజరు కదా, ఆ యాప్ ఏమో కళ్లు తెరవమంటుంది, గ్రూపు మూయమంటుంది. ఒకే హాల్లో సగం మంది కళ్లు మూసుకుని, సగం మంది ఫోన్ ముందు గుడ్లు మిటకరిస్తూ ఉంటే, వేదిక మీద ట్రైనర్ గారు కళ్లు మూసుకునే "మనసు తేలికవుతోంది, భుజాల మీది బరువు దిగిపోతోంది" అంటున్నారు. ఆ హాల్లో నిజంగా ప్రశాంతంగా ఉన్నది ఆయనొక్కరే. పాపం ఆయన మా గ్రూపులో లేరు.

అసలు సంగతి సోమవారం మొదలైంది. ప్రతి ఒక్కరూ ఏయే పనులు తగ్గించుకున్నారో రాయడానికి ఒక రిజిస్టర్ తెరవాలి. క్రమ సంఖ్య, తగ్గించిన పని పేరు, తగ్గించక ముందు పట్టిన సమయం, తగ్గించాక మిగిలిన సమయం, మిగిలిన సమయంలో చేసిన పని, సంతకం, రుజువు ఫొటో. చేయని పనికి ఫొటో ఎలా తీయాలని అడిగితే, చేయకుండా ఉన్నప్పుడు తీయమన్నారు. వారానికోసారి అది ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఎక్కించని మండలాలను టెలికాన్ఫరెన్సులో పేరు పెట్టి పిలిచి, మీ దగ్గర పని తగ్గింపు ఎందుకింత మందకొడిగా ఉంది, పక్క మండలం వాళ్లు తగ్గించలేదా, రాత్రి కూర్చునైనా తగ్గించండి అని కేకలు. నేను కల్పించి చెప్తున్నానని అనుకునేవాళ్లు ఏ చిన్న ఆఫీసులోనూ పని చేసి ఉండరు.

ఇంతకీ, తక్కువ పనులు పెట్టుకుంటే మంచిదన్న మాట అబద్ధమా అంటే కాదు, అదే నాకు మంట. పది ఫైళ్లు ఒకేసారి తెరిస్తే పదీ ఆగుతాయి, ఒకటి ముగించి ఇంకోటి తీస్తే మనిషికి నిద్ర పడుతుంది, పనీ తెములుతుంది. ఇది మా ఆఫీసు అటెండర్‌కు కూడా తెలుసు. కానీ ఈ ట్రైనర్లు పెద్దల మాటలను సగానికి కోసి మన నెత్తిన పోస్తారు. పార్కిన్‌సన్ అనే బ్రిటిష్ రచయిత చెప్పాడట, ఎంత టైమిస్తే పని అంత సాగుతుందని, కాబట్టి మీరు టైము తగ్గించుకోండని. పార్కిన్‌సన్ 1955లో అది రాసింది గుమస్తాల బద్ధకం మీద కాదు, అధికారులు ఎలా పెరిగిపోతారో చెప్పడానికి. బ్రిటిష్ నౌకాదళంలో 1914లో 62 పెద్ద యుద్ధనౌకలుంటే 1928కి 20 మిగిలాయి, అదే కాలంలో ఆఫీసులో కూర్చునే అధికారులు 2,000 నుంచి 3,569కి పెరిగారు. ఈ లెక్క స్లైడ్ మీద లేదు. ఇటలీ ఆర్థికవేత్త పరెటో పేరు మీది సూత్రం ప్రకారం 20 శాతం పనే 80 శాతం ఫలితం ఇస్తుందని ఇంకో స్లైడ్. పరెటో చూసింది పనిని కాదయ్యా, ఇటలీలో భూమి ఎవరి చేతుల్లో ఉందో చూశాడు. కొద్దిమంది చేతుల్లోనే ఎక్కువ భూమి ఉండటం గురించి నల్లగొండకు ఇటలీ వాళ్లు వచ్చి చెప్పాలా? ఇద్దరూ తల పైకెత్తి చూసి రాసినవాళ్లు, మన ట్రైనింగుల్లో మాత్రం ఇద్దరి వేలూ కిందికే చూపిస్తుంది.

దేశంలో పెద్దమనుషులకు కూడా ఈ విషయంలో ఏకాభిప్రాయం ఉన్నట్టు లేదు. 2023లో నారాయణమూర్తి గారు కుర్రాళ్లు వారానికి 70 గంటలు పని చేయాలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ మాట 90కి చేరింది, అదే ఏడాది జూలైలో మన రాష్ట్రమే వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా, వారానికి 48 దాటకుండా, పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మనం గంటలు పెంచుకుంటూ ప్రశాంతంగా తగ్గించుకోవాలి. సరే, అదీ చేద్దాం.

కానీ ఆ హాల్లో అంగన్‌వాడీ అక్కలు కూడా ఉన్నారు. వాళ్ల దగ్గరికొచ్చేసరికి నాకు వ్యంగ్యం రాదు. పిల్లలకు వండాలి, పాట చెప్పాలి, తూకం వేయాలి, ఎత్తు కొలవాలి, రిజిస్టర్లు రాయాలి, రాసిందే పోషణ్ ట్రాకర్ యాప్‌లో మళ్లీ ఎక్కించాలి. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి, అంటే పసిబిడ్డకు ఒక బాలామృతం ప్యాకెట్ ఇవ్వాలంటే ముందు తల్లి ముఖాన్ని ఫోన్ ఒప్పుకోవాలి. సిగ్నల్ లేని తండాలో ఆ తల్లిని ఎండలో నిలబెట్టి, "ఇటు తిరుగమ్మా, కొంగు తీయమ్మా" అనేది ఎవరు? ఆ అక్కే. తిట్లు పడేది ఎవరు? ఆ అక్కే. ఇన్ని చేసినందుకు ఆమెకిచ్చేదాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. ఆమెతోనా మీరు "నో చెప్పడం నేర్చుకోండి" అనేది? ఎవరికి చెప్పాలి నో, పిల్లలకా?

ఉపాధి హామీ కూలీ సంగతి చూడండి. 2025-26లో మన దగ్గర రోజు కూలి 307 రూపాయలు ఉండింది, అదీ తవ్విన మట్టి కొలతకు వస్తేనే. తక్కువ చేస్తే తక్కువ పడుతుంది, అంతే, అక్కడ ప్రశాంతత అనే కాలమ్ లేదు. 2023 జనవరి 1 నుంచి హాజరుకు రోజుకు రెండు ఫొటోలు. గుట్ట మీద నెట్ రాక, కూలీల హాజరు చూసే మేటు బండరాయి ఎక్కి ఫోన్ పైకెత్తి నిలబడితే, రెండో ఫొటో ఎక్కని రోజు మనిషి పొద్దంతా తవ్వినా హాజరు పడదు. గడ్డపార చేతిలో ఉన్నవాడి చెమట సాక్ష్యం కాదు, ఫోనే సాక్ష్యం. సిగ్గుండాలి.

ఈ జిల్లాలో పని తగ్గించే కార్యక్రమం ఒకటి వెనకటికి జరిగింది, మన ట్రైనర్ గారికి తెలియకపోవచ్చు. దొర గడీలో బట్టలుతికినందుకు, కుండలిచ్చినందుకు, చెప్పులు కుట్టినందుకు, అధికారి వస్తే మూట మోసినందుకు పైసా లేని వెట్టి. దాన్ని మా తాతలు గాలి పీల్చి వదిలి తగ్గించుకోలేదు. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది, ఊరూరా సంఘం పెట్టుకున్నారు, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగిపోయాడు. అప్పుడు కడవెండి నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లు వెట్టి చేసేది లేదన్నాయి. ఎవరికి వారు కాగితం మీద సగం పనులు కొట్టేసుకుంటే అయ్యింది కాదు అది.

అందుకే ట్రైనింగు చివర్లో ఇందాకటి అమ్మాయే మళ్లీ లేచి, "మేమందరం కలిసి, ఒకే వివరం మూడు యాప్‌లల్ల ఎక్కియ్యం, ఒక్కదాంట్లనే ఎక్కిస్తం అని రాసిస్తే నడుస్తదా సార్?" అని అడిగితే నాకు ఒళ్లు ఝల్లుమంది. ట్రైనర్ గారు బటన్ నొక్కి, "అది ఇవాళ్టి సబ్జెక్టులో లేదమ్మా" అన్నారు. ముఖ్య అతిథి ఫోన్‌లోంచి తల ఎత్తి ఆమెది ఏ మండలమో పక్కనున్నాయనను అడిగారు.

ఆ మూడు యాప్‌లు ఒకటి చేయండి సార్. పొద్దునా రాత్రీ పెట్టే టెలికాన్ఫరెన్సుల్లో ఒకటి ఆపండి. ఖాళీ పోస్టుల్లో మనుషులను వేయండి, అంగన్‌వాడీ అక్కకు జీతాన్ని జీతం అని ఇవ్వండి. శ్వాస సంగతి మాకొదిలేయండి, అది పుట్టినప్పటి నుంచీ మేమే తీసుకుంటున్నాం.